పాల డెలివరీ యాప్‌లో గూగుల్ అడ్రస్‌లు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటం కలిపి వాడొచ్చా?

తణుకులో పాల డెలివరీకి యాప్ చేస్తున్నామన్నారు. కస్టమర్ల అడ్రస్‌లు గూగుల్‌లో వెతికి ఆ లొకేషన్లు మీ డేటాబేస్‌లో దాచుకుని, పటం మాత్రం జనం కలిసి తయారుచేసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది చూపిస్తే ఖర్చు కలిసొస్తుందా, లైసెన్స్ ఇబ్బంది ఏమైనా ఉందా అని మీ ప్రశ్న. ఖర్చు కలిసొస్తుంది. లైసెన్స్ మాత్రం ఒప్పుకోదు, అదీ రెండు చోట్ల.

విజయవాడలో వాటర్ క్యాన్లు వేసే ఒకాయనకి నేను ఇలాంటి యాప్ చేసిపెట్టాను, ఇప్పటికీ నేనే చూస్తున్నాను. నేను లాయర్ని కాదు, ఆ పనిలో తెలిసింది చెబుతున్నాను.

గూగుల్ జియోకోడింగ్ (అడ్రస్ ఇస్తే అది పటం మీద ఎక్కడుందో చెప్పే సేవ) నుంచి వచ్చిన అక్షాంశ రేఖాంశాలను వరసగా 30 రోజులకు మించి మీ దగ్గర ఉంచుకోకూడదు. గడువు దాటితే చెరిపేసి మళ్లీ అడగాలి. ప్రతి చోటుకీ గూగుల్ ఇచ్చే ప్లేస్ ఐడీ అనే కోడ్‌ని మాత్రం ఎన్నాళ్లయినా దాచుకోవచ్చు. ఇక రెండోది, గూగుల్ ఇచ్చిన ఫలితాలను వేరేవాళ్ల పటం మీద చూపించకూడదు. అడ్రస్ వెతుకులాట గూగుల్‌ది, పటం ఇంకొకరిది అంటే కుదరదు. మీ ప్లాన్ సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది.

మా వాటర్ క్యాన్ల ఓనర్‌గారు ఇంకో అడుగు ముందుకేశారు. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల హాస్టళ్లన్నీ గూగుల్‌లో కనిపిస్తున్నాయి కదా, పేర్లూ ఫోన్ నంబర్లూ ఒక ఎక్సెల్‌లోకి లాగిపెట్టమన్నారు. ఎవరైనా చూడగలిగేవే కదా అని ఆయన వాదన. చూడటం వేరు, మూకుమ్మడిగా లాగి జాబితా కట్టుకోవడం వేరు. ఆ రెండోదాన్ని షరతుల్లో స్క్రేపింగ్ అని పేరు పెట్టి మరీ వద్దన్నారు. నేను చేయనని చెప్పి, ఇద్దరు కుర్రాళ్లను బండి మీద పంపమన్నాను. వాళ్లు వార్డెన్ల నంబర్లతో సహా రాసుకొచ్చారు. నిజానికి గూగుల్లో ఉన్నదానికంటే అదే ఎక్కువ పనికొచ్చింది.

చిన్నవాళ్లం, మనల్ని ఎవరు పట్టించుకుంటారు అనుకోకండి. గూగుల్ మీ ఏపీఐ కీని, అంటే వాళ్ల సేవలు వాడుకోవడానికి మీకిచ్చిన కోడ్‌ని, ఆపేస్తే ఆ రోజు డెలివరీలు ఆగిపోయేది మీకే. పెద్దవాళ్ల మధ్యా ఈ తగాదాలున్నాయి. 2024 జులైలో మన దేశపు పటాల కంపెనీ మ్యాప్‌మైఇండియా, తమ డేటాను కాపీ చేసి ఓలా మ్యాప్స్ తయారుచేశారంటూ ఓలా ఎలక్ట్రిక్‌కు నోటీసు పంపింది. ఓలా ఆ ఆరోపణను ఖండించింది.

మరి అడ్రస్‌ల సంగతేంటి? మన ఊళ్లలో "రామాలయం వెనక సందు, నీలం గేటు ఇల్లు" అన్న అడ్రస్‌ని ఏ జియోకోడర్ అయినా సరిగ్గా పట్టుకోవడం కష్టమే. అందుకే మొదటిసారి క్యాన్ వేసినప్పుడు కుర్రాడు గుమ్మం ముందు నిలబడి యాప్‌లో ఒక బటన్ నొక్కేలా పెట్టాం. ఫోన్ జీపీఎస్ ఇచ్చిన ఆ పాయింట్ గూగుల్ పటం నుంచి తీసుకున్నది కాదు. ఎన్నేళ్లయినా ఉంచుకోవచ్చు, ఏ పటం మీదైనా చూపించుకోవచ్చు. పాలంటే రోజూ అదే ఇంటికి వెళ్తారు కాబట్టి మీకు ఇంకా బాగా కుదురుతుంది. కస్టమర్‌కి ముందే ఒక మాట చెప్పి తీసుకోండి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫ్రీ అన్నది నిజమే, కానీ ఫ్రీ అయింది డేటా. వాళ్ల సర్వర్లు విరాళాలతో నడుస్తాయి, వాటికి వేరే నియమాలున్నాయి. పటం ముక్కలను, అంటే టైల్స్‌ని, ఆఫ్‌లైన్ కోసం టోకున దించుకోకూడదు. వాడకం ఎక్కువైతే చెప్పకుండా ఆపేసే హక్కు వాళ్లకుంది. నామినాటిమ్ అనే వాళ్ల అడ్రస్ సర్వర్‌ని సెకనుకి ఒక్కసారికి మించి అడగకూడదు, టైప్ చేస్తుంటే సూచనలు చూపించే ఫీచర్‌కి అసలు వాడకూడదు. డబ్బు సంపాదించే యాప్‌ని వాటి మీద నిలబెట్టడం నాకైతే పద్ధతిగా అనిపించదు. జియోఫాబ్రిక్ సైట్‌లో దక్షిణ భారతం వరకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా విడిగా దొరుకుతుంది. మేం అది దించుకుని, మాకు కావాల్సిన ప్రాంతం వరకు కత్తిరించి, ఒక చిన్న సర్వర్‌లో పెట్టుకున్నాం. యాప్‌లో పటం చూపించడానికి మ్యాప్‌లిబ్రే అనే ఓపెన్ కోడ్ లైబ్రరీ వాడుతున్నాం. మ్యాప్‌బాక్స్ అనే పటాల కంపెనీ 2020 చివర్లో తన వెబ్ లైబ్రరీకి ఓపెన్ లైసెన్స్ తీసేసినప్పుడు పాత ఓపెన్ కోడ్‌ నుంచి పుట్టిందే అది.

2012 నుంచి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాకి ఓడీబీఎల్ అనే లైసెన్స్ ఉంది. పటం మూలన వాళ్ల పేరు కనిపించాలి, సెట్టింగ్స్ లోపలెక్కడో దాచేస్తే కుదరదు. మా కస్టమర్ల లిస్టు కూడా బయటపెట్టాలా అని ఓనర్‌గారు తెగ టెన్షన్ పడ్డారు. అక్కర్లేదు, మీ కస్టమర్ల టేబుల్ విడిగా ఉన్నంతవరకు అది మీదే. వాళ్ల రోడ్ల డేటానే సవరించి, పెంచి, దాన్ని బయటివాళ్లకి అందిస్తేనే ఆ మార్పులు అదే లైసెన్స్ కింద ఇవ్వాల్సి వస్తుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో సరిహద్దులు నేల మీద ఎవరి ఆధీనం ఎంతవరకో దాన్నిబట్టి గీస్తారు, కాబట్టి కశ్మీర్ దగ్గర మన ప్రభుత్వ పటాల సంస్థ సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిపోలదు. 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం ప్రకారం, సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నంగా భారతదేశ పటం ప్రచురిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మేం జూమ్‌కి హద్దు పెట్టేశాం. పటం విజయవాడ, చుట్టుపక్కల మండలాలు దాటి కదలదు. మీరూ తణుకు చుట్టూ గిరి గీసేయండి, దేశం సరిహద్దు కనిపించే అవకాశమే ఉండదు.

దారి చూపించడం మీరు తయారుచేయొద్దు. గూగుల్ మ్యాప్స్ యాప్‌ని లింక్ ద్వారా తెరిస్తే ఏపీఐ కీ అక్కర్లేదు, బిల్లూ రాదు. మీ దగ్గరున్న జీపీఎస్ పాయింట్‌ని ఆ లింక్‌లో పెడితే చాలు, కుర్రాళ్లకి రోజూ వాడే యాప్ కాబట్టి నేర్పించే పనీ ఉండదు.

ఇదంతా ఎందుకు, మొత్తం గూగులే పెట్టుకుందాం అనుకుంటే అదీ తప్పేం కాదు. 2018లో ధరలు మార్చినప్పుడు పుట్టిన భయం చాలామందికి ఇంకా పోలేదు గానీ, 2024 ఆగస్టు నుంచి ఇండియాకి రేట్లు 70 శాతం వరకు తగ్గించి, రూపాయల్లో బిల్లు ఇస్తున్నారు. కీని మీ యాప్‌కి మాత్రమే పనిచేసేలా బిగించి, రోజువారీ కోటా పెట్టాకే ప్లే స్టోర్‌లో వేయండి.