ఉత్తరపు గోడ, మే నెల ఎండ

గోడలు, రంగుల మీద పాఠకుల ప్రశ్నలకు ఒంగోలు పెయింటరు జవాబులు

ప్రశ్న: నేను గోడల మీద బొమ్మలు వేస్తుంటాను. మే మూడో వారంలో నెల్లూరు వస్తున్నా. స్టోన్‌హౌస్‌పేటలో మా మేనత్త వాళ్ల ఇంటి గోడ, వీధి వైపు, పన్నెండడుగుల ఎత్తు. "ఉత్తరం గోడే గదా, ఎండ పడదు, ధైర్యంగా వచ్చెయ్" అంటోంది అత్త. నాకు మాత్రం టెన్షన్‌గానే ఉంది. ఆ ఎండలో, ఆ లారీల దుమ్ములో బొమ్మ నిలుస్తుందా? నేను నిలుస్తానా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ అత్తయ్య మాట ఏడాదిలో ఎనిమిది నెలలు నిజమే తల్లీ. నువ్వొచ్చే నెలకే చెల్లదు. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా నెల్లూరులో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. మే నడిమికొచ్చేసరికి పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా ఎండంతా ఆ ఉత్తరపు గోడకే. నీడ దక్షిణం గోడకు.

నాకిది ఎవరూ చెప్పలేదు. 1994 మేలో ట్రంకురోడ్డులో ఒక బట్టల కొట్టుకు ఉత్తరపు గోడ ఒప్పుకున్నా. ఎండ ఉండదులే అని పదకొండింటికి మొదలుపెట్టా. గోడ అప్పటికే పెనం. కుంచె జానెడు దూరం పోయేసరికి రంగు పట్టేసేది, మళ్లీ లాగితే చారలు. ఇట్లా కాదని నీళ్లు ఎక్కువ కలిపా, అది ఇంకా పెద్ద తప్పు. శ్రావణమాసం రాకముందే, బొమ్మలో పట్టుచీర కట్టుకున్న అమ్మాయి మోచేతి దగ్గర్నుంచి అప్పడంలా పెచ్చులూడింది. కొట్టాయన బాకీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

వేడి గోడ రంగులోని నీళ్లను ముందే పీల్చేస్తుంది. జిగురు పొరగా పట్టుకునే వ్యవధి ఉండదు. ఆరినట్టు కనిపిస్తుంది గానీ అది ఉత్త పొడి.

కాబట్టి వచ్చిన రోజు కుంచె ముట్టుకోవద్దు. అరచేత్తో గోడ రుద్ది చూడు. తెల్లగా అంటుకుంటే పాత సున్నం ఉన్నట్టే, గీకించి ప్రైమర్ కొట్టించాలి. నాలుగు సరుగుడు కర్రలు పాతించి, పిట్టగోడ నుంచి నర్సరీల వాళ్లు వాడే పచ్చ వల ఏటవాలుగా కట్టించు. ముందురోజు సాయంత్రం గోడ మీద నీళ్లు చల్లు, రంగు వేసే ముందు కాదు. తెల్లవారగానే మొదలుపెట్టి ఎనిమిదికల్లా ఆపెయ్. ఆ తర్వాత కారం దోశ తిని పడుకో. మళ్లీ సాయంత్రం ఆరు దాటాక, లైటు పెట్టుకుని. రాత్రి గీతలే గీసుకో తల్లీ, రంగులు కలపకు. బల్బు కింద పసుపూ తెలుపూ ఒకటే లాగుంటాయి.

దుమ్ముకు నా దగ్గర మందు లేదు. తడి రంగు మీద పడితే గోడ గరుకు కాగితమే అవుతుంది, అందుకు కూడా తెల్లవారుజామే నయం. అడుగున రెండడుగుల మేర బొమ్మ పెట్టకు. వాన చిందులు, కిళ్లీ ఉమ్ములు అక్కడే పడతాయి. మన ఇళ్లకు కింద జాజు పట్టీ ఊరికే వేశారా? ముదురు ఎరుపు కొట్టి వదిలెయ్.

స్ప్రే డబ్బాలు తెస్తే స్కూటీ డిక్కీలో వదలకు. యాభై డిగ్రీలు దాటితే పేలే ప్రమాదం ఉందని డబ్బా మీదే రాసుంటుంది, ఎండలో నిలబెట్టిన డిక్కీ ఆ వేడికి సులువుగానే చేరుతుంది. (నాకు స్ప్రే నచ్చదు. అది నా ముసలి చాదస్తం అనుకో.)

ఇంటి గోడకు ఇంటివాళ్ల మాట చాలు. కార్పొరేషన్ గోడో, వంతెన స్తంభమో చూసి చెయ్యి దురద పెడితే మాత్రం ముందు కాగితం మీద అనుమతి తీసుకో. గోడలు పాడుచేయడం మీద 1997 నుంచి రాష్ట్ర చట్టం ఉంది.

నువ్వు నిలుస్తావా అన్నావు. మజ్జిగ తాగు, ముంజలు దొరికే రోజులే, తిను. తల తిరిగితే నిచ్చెన దిగెయ్, ఇంకో గీత అనుకోవద్దు.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. గోడ అడుగున తెల్లగా ఉప్పు పూస్తోంది. ప్రైమర్ కొట్టి బొమ్మ వేయించొచ్చా?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: వద్దండీ. ఉప్పు లోపలి చెమ్మతో పైకొస్తుంది, మీరు ఏ రంగు కొట్టినా దాన్ని తోసుకునే వస్తుంది. చెమ్మ కారే పైపుదా, పునాదిదా ముందు పట్టుకోండి. ఉప్పును పొడి బ్రష్షుతో దులపండి. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. అది ఆగేదాకా బొమ్మ గోడ పై సగంలోనే వేయించండి.