రెస్టారెంట్ మూతపడింది, ఫ్రిస్కోలో ఇల్లు పోతుందా?

ప్రశ్న: ఫ్రెండ్‌తో కలిసి డాలస్‌లో రెస్టారెంట్ పెట్టి మూసేశాం. లీజుకి నేను పర్సనల్ గ్యారంటీ (బాకీ పడితే నా సొంత డబ్బుతో కడతానని) ఇచ్చా, నా భార్య సంతకం పెట్టలేదు. లాండ్‌లార్డ్ దావా వేస్తానంటున్నాడు. ఇక్కడే టెక్సస్‌లో, ఫ్రిస్కోలో మేముండే ఇల్లు, హైదరాబాద్‌లో ప్లాటు ఉన్నాయి. ఇల్లు బావమరిది పేరు మీద పెట్టెయ్యమని అందరూ అంటున్నారు, పెట్టెయ్యనా?

జవాబు: వద్దండీ, ఇంటిని కదపకండి. మీరు కాపురముంటున్న ఇంటిని ఇలాంటి బాకీకి జప్తు చెయ్యడానికి లేదని టెక్సస్ రాజ్యాంగంలోనే ఉంది, ఊళ్ళో అయితే 10 ఎకరాల దాకా, విలువ ఎంతైనా సరే. మార్ట్‌గేజ్, ప్రాపర్టీ టాక్స్, ఫెడరల్ టాక్స్ లాంటివి వేరే లెక్క, వాటికి ఇల్లు పోవచ్చు. బావమరిది పేరు మీద పెడితే మాత్రం అది ఆయన ఇల్లైపోతుంది, రేపు ఆయనకి అప్పులొచ్చినా విడాకులైనా మీరు చూస్తూ కూర్చోవాలి, పైగా జడ్జి ముందు మీరు ఆస్తి దాచేవాళ్ళలా కనపడతారు. అన్నట్టు, కౌంటీలో టాక్స్ తగ్గడానికి వేసే హోమ్‌స్టెడ్ (కాపురముండే సొంత ఇల్లు) అప్లికేషన్ వేరు, ఈ రక్షణ వేరు, అది వెయ్యకపోయినా ఇది ఉంటుంది.

జీతం కూడా కంపెనీ దగ్గరే పట్టుకోవడం కుదరదు, చైల్డ్ సపోర్టు, టాక్సులు, స్టూడెంట్ లోన్ల లాంటివాటికి తప్ప. కానీ బ్యాంకులో పడ్డాక అది మామూలు డబ్బే, జడ్జిమెంట్ వచ్చాక అకౌంట్ ఫ్రీజ్ చేయించొచ్చు, చాలామంది దొరికిపోయేది ఇక్కడే. 401కె (ఉద్యోగంలో దాచుకునే రిటైర్‌మెంట్ డబ్బు) జోలికి రాలేరు. మీ ఆవిడ జీతం ఆవిడ ఒక్కరి అకౌంట్లోనే ఉంటే మీరు పెట్టిన సంతకానికి దాన్ని ముట్టుకోలేరు, జాయింట్ అకౌంట్లో కలిపేస్తే ఆ అడ్డు పోతుంది.

అసలు భయపడాల్సింది హైదరాబాద్ ప్లాటు గురించి, దానికి ఏ రక్షణా లేదు. అమెరికా డిక్రీని మన ఇండియా కోర్టులో నేరుగా అమలు చెయ్యలేరు, దాని ఆధారంగా ఇక్కడ మళ్ళీ దావా వెయ్యాలి, నిజమే, కానీ మీరు అక్కడ ఉన్నారు కదా, ప్లాటు అప్పగించమనో అమ్మి కట్టమనో అక్కడి జడ్జి మిమ్మల్నే ఆర్డర్ చెయ్యొచ్చు. ఇప్పుడు హడావిడిగా తమ్ముడికి గిఫ్ట్ రాసినా మామూలుగా నాలుగేళ్ళలోపు దాన్ని రద్దు చెయ్యమని అక్కడ కేసు వెయ్యొచ్చు.

ఇదంతా టెక్సస్ మాటండీ. న్యూజెర్సీలో ఉన్న చుట్టాల అనుభవం మీకు పనికిరాదు, అక్కడి స్టేట్ చట్టంలో ఇంటికి ఇలాంటి హోమ్‌స్టెడ్ రక్షణే లేదు.

ఇంకోటి, దావా కాగితాలు అందితే పక్కన పడెయ్యకండి. అందిన రోజు నుంచి 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం పొద్దున 10 గంటల్లోపు కోర్టులో మీ ఆన్సర్ (దావాకి రాతపూర్వక జవాబు) ఫైల్ అవ్వాలి, లేకపోతే మీ వాదన వినకుండానే వాళ్ళు అడిగిన మొత్తానికి డిఫాల్ట్ జడ్జిమెంట్ తెచ్చుకోవచ్చు.