ఆ ఫోన్ నువ్వే చెయ్యి

చిట్టితల్లీ,

కొత్త కాలేజీలో చేరి హాస్టల్లో ఉంటానన్నావని మీ అమ్మ నిన్న రాత్రి చెప్పింది. ఎవరైనా వస్తే గదిలోకి దూరిపోయే పిల్లవి, నీ అంతట నువ్వే ఆ మాట అన్నావంటే ఎంత సంతోషమేసిందో. కానీ ఆ తర్వాత నిద్ర పట్టలేదు. వార్డెన్‌తో ఫోన్‌లో మాట్లాడాల్సి వచ్చేసరికి "నువ్వే చెయ్యమ్మా, నాకు టెన్షన్" అన్నావట.

ముఖం చూసి మాట్లాడాలి, పేర్లు గుర్తుపెట్టుకోవాలి లాంటి సలహాలు నీకు తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది నా కూతురు, మీ అక్క సంగతి.

దాని చిన్నప్పుడు ఎవరైనా "నీ పేరేంటమ్మా?" అంటే అది నోరు తెరిచేలోపే నేను చెప్పేసేదాన్ని. పైగా దాని ఎదుటే "దీనికి సిగ్గండీ" అనేదాన్ని. పదహారేళ్ళప్పుడు కడుపునొప్పని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. "ఎప్పటి నుంచమ్మా?" అని ఆవిడ దాన్నే అడిగింది. అది బ్యాగు జిప్పు పైకీ కిందికీ లాగుతూ నా ముఖం చూసింది. తన నొప్పి తను చెప్పుకోవడానికి నా ముఖం చూసింది! నేను అందుకోబోతే డాక్టరు "మీరు కాసేపు బయట కూర్చోండి" అంది. నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి కూర్చున్నాను. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత సన్నగా దాని గొంతు, ముందు ఆగి ఆగి, ఆపైన ఆగకుండా. ఆ తలుపు ఇవతల కూర్చుని ఏడ్చాను. దానికి మాటలు రాక కాదు, నేను రానివ్వలేదు.

ధైర్యం వచ్చాక మాట్లాడదామని కూర్చోకు తల్లీ. తప్పించుకున్నప్పుడల్లా ఆ పూటకి హాయిగా ఉంటుంది. అందుకే మళ్ళీ తప్పించుకుంటాం, భయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మాట తడబడితే తడబడనీ. అందరూ నన్నే చూస్తున్నారనిపించడం నీ వయసులో మామూలే; డేవిడ్ ఎల్‌కైండ్ అనే సైకాలజిస్టు 1967లోనే దాని గురించి రాశాడు. 2000లో అచ్చయిన ఒక పరిశోధనలోనైతే, వేసుకోవడానికే సిగ్గుపడే టీషర్టు వేయించి విద్యార్థుల్ని తోటివాళ్ళున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారనుకున్నారు వాళ్ళు. గమనించింది దాదాపు నాలుగో వంతు.

ఏం మాట్లాడాలో తోచకపోతే, అవతలి పిల్ల చెప్పినదాంట్లోంచే ఇంకోటి అడుగు. "తమ్ముణ్ణి వదిలి వచ్చాను" అంటే "ఎంత వాడు?" అను. వెంటనే నీ సంగతి ఎత్తకు, దాన్ని చెప్పనీ.

నా భయమంతా మొదటి వారమే. ఎవరూ పలకరించలేదని దుప్పటి కప్పుకుని ఫోన్ చూస్తూ పడుకున్నావో, ఊరుకోను! కోప్పడ్డాననుకోకు. గుండె దడతో క్లాసుకే వెళ్ళలేనంత అయితే మాత్రం అది ఉత్త సిగ్గు కాదు. దాచకుండా చెప్పు, కౌన్సెలర్ దగ్గరికి నేనూ వస్తాను.

రేపు వార్డెన్‌ని అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకో. మాటలన్నీ బట్టీ పట్టకు. మీ అమ్మను మాత్రం బయట కూర్చోమను.

మీ పెద్దమ్మ