కఫంలో టీబీ కాని మైకోబాక్టీరియా: ఇంట్లో వాళ్లకి అంటుతుందా?

మీ అమ్మగారికి కఫం పరీక్షలో క్రిములు కనిపించాయి, సీబీనాట్‌లో (టీబీ క్రిమి జన్యువుని వెతికే పరీక్ష) టీబీ లేదన్నారు, కల్చర్‌లో (క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఎన్‌టీఎం, అంటే టీబీ క్రిమికి దగ్గరి చుట్టాలైన వేరే మైకోబాక్టీరియా, అని వచ్చింది, ఇంట్లో చిన్న పిల్లలున్నారని టెన్షన్. ఇదే కదండీ మీ సమస్య?

ముందు పిల్లల సంగతి. ఇది టీబీలా దగ్గుతో ఇంట్లో వాళ్లకి అంటుకునే జబ్బు కాదు. ఈ క్రిములు మట్టిలో, నీళ్లలో, కుళాయి గొట్టాల లోపలి జిగురు పొరలో ఉంటాయి, క్లోరిన్‌కీ అంత తేలిగ్గా చావవు. అంటే మనందరికీ రోజూ తగులుతూనే ఉంటాయి. జబ్బుగా మారేది ఎక్కువగా పాత టీబీతోనో, బ్రాంకియెక్టాసిస్‌తోనో (శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పైపోయే జబ్బు), సీవోపీడీతోనో (శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లలో. అమ్మగారికి ఇంతకుముందు టీబీ వచ్చిందా? డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

రిపోర్టులు ఒకదానికొకటి పొసగలేదని కంగారు పడకండి. మైక్రోస్కోపులో టీబీ క్రిమి, ఎన్‌టీఎం రెండూ ఒకేలా కనిపిస్తాయి, సీబీనాట్ టీబీ క్రిమినే పట్టుకుంటుంది. మన దేశంలో టీబీ కేసులు ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి తప్పనిసరి. ఎన్‌టీఎంకి అలాంటి లెక్క లేదు, అందుకే దీని గురించి జనానికి పెద్దగా తెలియదు.

ఒక్క కల్చర్‌తో జబ్బని తేల్చరు. వేర్వేరు రోజుల్లో ఇచ్చిన కనీసం రెండు కఫం నమూనాల్లో అదే క్రిమి రావాలి, సీటీ స్కాన్, లక్షణాలూ కలవాలి. ఏ జాతో అడగండి, మందులు దాన్నిబట్టే మారతాయి. ఏవియం అనే రకమైతే అజిత్రోమైసిన్, ఇథాంబ్యూటాల్, రిఫాంపిసిన్ కలిపి, కల్చర్ నెగెటివ్ అయ్యాక కూడా ఏడాది పాటు వాడిస్తారు. అబ్సెసస్ అనే రకమైతే కాస్త మొండిది, సూదిమందులు కూడా పడతాయి.

టీబీ మాత్రలు ఇప్పటికే వాడుతుంటే మీకు మీరుగా ఆపకండి. కల్చర్ రిపోర్టు పట్టుకుని ఛాతీ డాక్టరుని కలవండి.