గేజి దగ్గర నిలబడి రాయి: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి శ్రావణికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. "రాబోయే యుద్ధం నీటి కోసమే" అన్న మాటనే శీర్షికగా పెట్టి, దానితోనే మొదలుపెట్టి దానితోనే ముగించావు. మధ్యలో సింధు వచ్చింది, నైలు వచ్చింది, మెకాంగ్ వచ్చింది, చివర మన కృష్ణ కూడా వచ్చింది. ఎంతో చదివి రాశావని తెలుస్తూనే ఉంది కానీ, ఏ నది ఒడ్డునా పాఠకుణ్ణి కాసేపు నిలబెట్టలేదు. మిగిలిన మూడూ పక్కన పెట్టి సింధు ఒక్కదాన్నే తీసుకో. దేశాల మధ్య నీటి తగాదా ఎలా పుడుతుందో, మాటల్లోకి ఎలా వస్తుందో, ఆ మాటలు ఎక్కడ ఆగిపోతాయో చెప్పడానికి ఆ ఒక్క నదే చాలు.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో మా ప్రాంతపు కాలువకు నీళ్లు రావడం లేదని, పైవాళ్లే తోడేసుకుంటున్నారని కోపంగా ఒక వ్యాసం రాశాను. అచ్చయిన పది రోజులకు ఒక విశ్రాంత ఇంజనీరు దగ్గర నుంచి కార్డు వచ్చింది. "నీళ్లు రాలేదని రాశారు, ఎన్ని రావాలో, ఎన్ని వచ్చాయో రాయలేదు" అని అందులో రెండే ముక్కలు. వారం రోజులు ఆ కార్డు నన్ను నిద్రపోనివ్వలేదు. నీళ్ల గురించి నేను నేర్చుకున్నదంతా ఆ తరువాత నేర్చుకున్నదే.

అసలు ఆ పాఠం నాకు చిన్నప్పుడే తెలిసి ఉండాలి. మాది సాగర్ కుడి కాలువ శివారు ఆయకట్టు. ఒక ఏడాది నారుమళ్లు ఎండుతున్న రోజుల్లో పై ఊరివాళ్లు రాత్రిపూట తూముకు గోనెసంచులు అడ్డం వేస్తున్నారని మావాళ్లు కర్రలు పట్టుకుని వెళ్లారు. తల పగలకుండా ఆపింది ఎవరి ఉపన్యాసమూ కాదు. కాలువ కాపలా చూసే లస్కరు ఒక వెదురు కర్ర తెచ్చి, కొడవలితో జానెడుకొక గాటు పెట్టి, తూము పక్కన నీళ్లలో పాతాడు. రోజూ తెల్లవారి ఊరికొకరు చొప్పున వచ్చి, ఇద్దరూ కలిసి ఆ గాటు చూసి వెళ్లాలని ఒప్పుకున్నారు. మా నాన్న లాంతరు పట్టుకుని వెళుతుంటే నేనూ వెనక నడిచేవాణ్ణి. ఆ ఇద్దరూ వంగి కర్రను చూసేవారు, "మూడు గాట్లు" అని ఒకరంటే "మూడే" అని రెండోవారు అనేవారు, అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. ఆ ఏడాది పెళ్లిళ్లకు ఊళ్లు ఒకరినొకరు పిలుచుకోలేదు. అయినా కర్ర దగ్గరికి రావడం మాత్రం ఎవరూ మానలేదు.

భారత్, పాకిస్తాన్‌ల మధ్య కుదిరిన సింధు జలాల ఒప్పందాన్ని నువ్వు స్నేహానికి గుర్తుగా రాశావు. నా దృష్టిలో అది ఆ వెదురు కర్రకు దగ్గర. 1947లో గీసిన సరిహద్దు, రావి మీది మాధోపూర్, సట్లెజ్ మీది ఫిరోజ్‌పూర్ హెడ్‌వర్క్స్‌ను, అంటే నదినీటిని కాలువల్లోకి మళ్లించే కట్టడాలను, భారత్ వైపు ఉంచి, వాటి నీళ్లు పారే కాలువలను పాకిస్తాన్ వైపు వదిలింది. ఆ నీళ్ల మీద కుదిరిన తాత్కాలిక ఒడంబడిక గడువు 1948 మార్చి 31తో ముగిసింది, మర్నాడే భారత్ వైపున్న తూర్పు పంజాబ్ ఆ కాలువలకు నీళ్లు ఆపింది. మే 4న ఢిల్లీలో మరో ఒప్పందం కుదిరింది కానీ, ఆ ఏప్రిల్ పుట్టించిన భయం మాత్రం ఇప్పటికీ పోలేదు. చీనాబ్ మీద భారత్ కట్టే ప్రతి గోడనూ పాకిస్తాన్ రైతు ఆ భయంతోనే చూస్తాడు. ఆ భయాన్ని అర్థం చేసుకున్నంత మాత్రాన మనం మన దేశానికి ద్రోహం చేసినట్టు కాదు. ఈ సంగతి నీ వ్యాసంలో లేదు, తప్పకుండా చేర్చు.

అమెరికాలో ఒక నదీ లోయ మొత్తాన్నీ నడిపే టెనెసీ లోయ అథారిటీకి ఒకప్పటి అధ్యక్షుడైన డేవిడ్ లిలియెంథాల్ 1951లో ఇటు వచ్చి, మొత్తం పరీవాహక ప్రాంతాన్ని రెండు దేశాలూ కలిసి ఒక్కటిగా నడుపుకోవాలని రాశాడు. ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు యూజీన్ బ్లాక్ ఆ ఆలోచన పట్టుకుని ఇద్దరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఏళ్ల తరబడి మాట్లాడాక తేలింది మాత్రం కలిసి నడుపుకోవడం కాదు, విడదీసి పంచుకోవడం. తూర్పున ఉన్న రావి, బియాస్, సట్లెజ్ భారత్‌కు, పడమటి సింధు, జీలం, చీనాబ్ పాకిస్తాన్‌కు. 1960 సెప్టెంబర్ 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. కలిసి కాపురం చేయలేని అన్నదమ్ములు మర్యాదగా వేరుపడినట్టు జరిగింది. దాన్ని తక్కువ చేసి చూడకు. 1965, 1971, 1999లలో యుద్ధాలు జరిగినా ఆ ఒప్పందం నిలిచింది. నిలబెట్టింది శాశ్వత సింధు కమిషన్ అనే చిన్న యంత్రాంగం: రెండు వైపులా ఒక్కో కమిషనర్, ఏడాదికి కనీసం ఒక సమావేశం, నీటిని కొలిచే గేజి స్టేషన్ల దగ్గర రోజువారీ ప్రవాహాల లెక్కలు నెలనెలా ఇచ్చిపుచ్చుకోవడం. మా ఊళ్లో "మూడే" అన్న మనిషి పనే ఇది.

ఇక లెక్కల సంగతి. పడమటి మూడు నదుల సాలీనా ప్రవాహం సుమారు 135 మిలియన్ ఎకర అడుగులని రాసి వదిలేశావు. మన పాఠకుడికి ఆ కొలత అందదు. ఒక మిలియన్ ఎకర అడుగులంటే దాదాపు 43.56 టీఎంసీలు, కాబట్టి ఆ ప్రవాహం ఇంచుమించు 5,880 టీఎంసీలు. ఒప్పందం ప్రకారం ఆ నదుల మీద భారత్ నిల్వ చేసుకోగలిగింది 3.6 మిలియన్ ఎకర అడుగులు, అంటే సుమారు 157 టీఎంసీలు. నాగార్జున సాగర్ ఇప్పటి సామర్థ్యం 312 టీఎంసీలు, ఆ నిల్వ అందులో సగం. ప్రవాహం, నిల్వ అనే ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే, చుక్క నీరు కూడా పోనివ్వం అని ఇక్కడ చేసే గర్జనా, మా నదులన్నీ ఎండబెడతారు అని అక్కడ పెట్టే ఆక్రోశమూ ఎంత దూరం నిజమో చదివేవాడు తనంతట తాను తేల్చుకుంటాడు. అయితే విత్తనాల వేళ కొన్ని రోజులు నీళ్లు వెనక్కి పట్టినా, చెప్పకుండా ఒక్కసారి వదిలినా కింద పొలానికి దెబ్బే. నీళ్లలో ఎంత అన్న ప్రశ్నతో పాటు ఎప్పుడు అన్న ప్రశ్న కూడా ఉంటుంది. శివారు రైతుకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

బగ్లిహార్ ఉదాహరణను మాత్రం విస్తరించి రాయి. చీనాబ్ మీద భారత్ కట్టిన ఆ జలవిద్యుత్ ప్రాజెక్టు గొడవ, ఒప్పందంలో చెప్పిన తటస్థ నిపుణుడి దాకా వెళ్లింది. స్విట్జర్లాండ్ ఇంజనీరు రేమండ్ లఫిట్ 2007లో తీర్పు చెబుతూ, విద్యుత్తు కోసం ఆపుకునే నీటిని 37.5 నుంచి 32.56 మిలియన్ ఘనపు మీటర్లకు తగ్గించమన్నాడు, డ్యామ్ ఎత్తు మీటరున్నర తగ్గించమన్నాడు, పూడిక వదిలే గేట్లకు మాత్రం ఒప్పుకున్నాడు. తగ్గిన నీరు ఒక టీఎంసీలో ఐదో వంతు కూడా లేదు. అంత చిన్న తేడాకు అన్నేళ్ల వాదనా అని నువ్వు ఆశ్చర్యపోతావేమో. అక్కడ వాళ్లు వాదించుకున్నది నీటి పరిమాణం కన్నా మీట ఎవరి చేతిలో ఉంటుందన్న దాని గురించి.

శాంతి గురించి రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకో. 1948 నుంచి 1999 దాకా దేశాల మధ్య నీటికి సంబంధించి జరిగిన 1,831 సంఘటనలను అమెరికా పరిశోధకుడు ఆరన్ వుల్ఫ్ బృందం లెక్కగడితే, 1,228 సహకారానివి, 507 ఘర్షణవి. నీ శీర్షికకు ఇది గట్టి జవాబే. కానీ అవి ప్రభుత్వాల మధ్య సంఘటనలు. తూము దగ్గర పగిలిన తలకాయలు ఆ పట్టికలోకి రావు. బల్ల దగ్గర కూర్చోనివాళ్ల గొంతు కూడా రాదు. పడమటి మూడు నదులూ తమ నేల మీద పారుతున్నా తమను ఎవరూ అడగలేదన్న బాధ జమ్మూ కశ్మీర్ వాళ్లకు అరవై ఏళ్లుగా ఉంది. భూగర్భ జలాల గురించీ, కరుగుతున్న హిమానీనదాల గురించీ 1960 నాటి పత్రంలో ఏర్పాటు లేదు. ఒప్పందాన్ని మెచ్చుకునే వాక్యం పక్కనే ఇవీ ఉండాలి.

చివరి భాగాన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. నా మాట విని అక్కడే మొదలుపెట్టు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ముష్కరులు 26 మందిని పొట్టన పెట్టుకున్నారు. మర్నాడు భారత్ ఒప్పందాన్ని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. ఆ దుఃఖాన్ని చిన్నబుచ్చే మాట ఒక్కటి కూడా నీ కలం నుంచి రాకూడదు. ఆ నిర్ణయంతో కమిషన్ మౌనంలోకి వెళ్లింది. ఆగస్టులో జమ్మూలోని తావి నదికి వరద వచ్చింది. తావి కిందికి పారి చీనాబ్‌లో కలుస్తుంది. ఆగస్టు 24న భారత్ ఆ వరద కబురును ఇస్లామాబాద్‌లోని తన హైకమిషన్ ద్వారా, మానవతా దృష్టితో అని చెప్పి, పాకిస్తాన్‌కు అందజేసింది. ఆ వారంలోనే రావి పొంగి కర్తార్‌పూర్ గురుద్వారా మునిగింది, ఇవతల మాధోపూర్ గేట్లు కొన్ని కొట్టుకుపోయాయి. 1948లో నీళ్లు ఆపిన మాధోపూరే అది. వరదలో రెండు పంజాబ్‌ల రైతులూ ఒకే నీళ్లలో గేదెలను తోలుకుని గట్టెక్కారు. సాగర్ కాలువల మీద మనవాళ్లు వంతుల వారీ నీటిని వారబందీ అంటారు చూడు, ఆ రెండు పంజాబ్‌ల పొలాల్లోనూ అదే మాట.

రెండో ప్రతి రాసేటప్పుడు శీర్షిక తీసేసి, తావి కబురుతో మొదలుపెట్టు. ఆ కబురు వెళ్లిన దారినీ, ఒప్పందం నడుస్తున్న రోజుల్లో అయితే అది ఏ దారిన వెళ్లేదో దాన్నీ పక్కపక్కన చూపించు. యుద్ధం అనే మాట అవసరమైన చోట తప్ప వాడకు. ఉగాది లోపల పంపితే నింపాదిగా చదివి, మార్జిన్లలో పెన్సిలుతో గుర్తులు పెట్టి తిప్పి పంపుతాను.

మీ అమ్మగారికి నమస్కారాలు.