మాత్ర ఒక్కటీ మానకు తల్లీ

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వేరే గది తీసుకున్నావట, సొంతంగా వండుకుంటున్నావట, ప్యాకెట్ తిండి పూర్తిగా మానేశావట. జీతం తక్కువైనా ఒంటికి మంచిదే తింటాను, సహజంగా బతుకుతాను అన్నావట. వింటుంటే కడుపు నిండిపోయింది. చిన్నప్పుడు డబ్బాలో చిక్కుడు గింజ నాటి, వేరొచ్చిందో లేదో చూద్దామని రోజూ మట్టి తవ్వేదానివి. ఇప్పుడు నీ బతుకు నువ్వే చక్కదిద్దుకుంటున్నావంటే మురిసిపోనా?

కానీ ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. "థైరాయిడ్ మాత్ర కూడా మెల్లగా మానేస్తుందట అక్కా, తిండి సరిగ్గా ఉంటే అదే సర్దుకుంటుందట" అని. ఆ తర్వాత నాకు కంటి మీద కునుకు లేదు. తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. టైముకి పడుకో. నడిచి వెళ్లగలిగిన చోటికి నడిచే వెళ్లు. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త వేగంగా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, దానికి జిమ్ ఫీజు అక్కర్లేదు. ఒంట్లో విషాలు తీసేస్తామనే జ్యూసులు కొనకు, ఆ పని లివరూ కిడ్నీలూ రోజూ చేస్తూనే ఉంటాయి.

తిండి దగ్గర నీకు అన్నిటికన్నా కలిసొచ్చేవి ఎండు పప్పులు, బీన్స్. 100 గ్రాముల పప్పులో 20 గ్రాములకు పైనే ప్రొటీన్ ఉంటుంది, కాబట్టి ప్రొటీన్ పొడుల డబ్బాల జోలికి పోకు. ఎర్ర రాజ్మాతో మాత్రం జాగ్రత్త. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 10 నిమిషాలకు తగ్గకుండా తెర్లనివ్వాలి. ఆ తర్వాత మెత్తబడేదాకా ఉడికించు. పచ్చి గింజలో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది, సగం ఉడికినవి తింటే గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి.

కూరగాయల్లో ఆర్గానిక్ లేబుల్ కోసం డబ్బు పెట్టి, తినాల్సినంత కొనలేకపోతే ఏం లాభం? రోజుకి పండ్లూ కూరగాయలూ కలిపి 400 గ్రాములు కడుపులోకి వెళ్లాలి. ఆ సీజన్‌లో చవగ్గా దొరికేవి కొను, బాగా కడుగు, తిను. ఫ్రీజర్‌లో పెట్టి అమ్మేవైనా ఫర్వాలేదు, పోషకాలు పెద్దగా ఎక్కడికీ పోవు.

రెండు రోజులకి ఒకేసారి వండుకుంటున్నావట. గ్యాసూ టైమూ మిగులుతాయి, మంచి పనే. కానీ వండింది రెండు గంటలకు మించి బయట ఉంచకు. ముఖ్యంగా అన్నం. ఉడికించినా చావని ఒక రకం బ్యాక్టీరియా బీజాలు అందులో ఉంటాయి. గిన్నె బయట ఉండిపోతే అవి పెరిగి విషం చేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరబెట్టి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయ్.

ఇల్లు తుడిచే లిక్విడ్ కూడా సొంతంగా కలుపుకుంటున్నావని విన్నాను. వెనిగర్ వాడుకో, నేనూ వాడతాను. కానీ అది తగిలిన చోట బ్లీచ్ పడనివ్వకు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. నీది అసలే చిన్న గది, కిటికీ ఒక్కటే. ఈ మాట తలుచుకుంటేనే నాకు కోపమొస్తోంది. ఎవరినీ అడగకుండా ఇవన్నీ ఎందుకు కలుపుతావమ్మా? సరే, వదిలేస్తున్నాను.

ఇప్పుడు నేను నిద్ర మానుకుని లేచిన సంగతికి వస్తాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

మీ పెదనాన్నకి బీపీ బయటపడేటప్పటికి ఆయనకి 46 ఏళ్లు. ఇంట్లో ఒక్కరి సంపాదన, ఇద్దరు పిల్లల చదువులు. జమాఖర్చుల పుస్తకం నేనే రాసేదాన్ని. నెలాఖరు వస్తే ఏ పద్దు తగ్గించాలా అని ఆ పేజీ ముందు కూర్చునేదాన్ని. అప్పుడే నాకూ నీలాగే ఈ సహజ జీవనం మీద మనసు పోయింది. ఉప్పు తగ్గించాను, వేపుళ్లు మాన్పించాను, పొద్దున్నే ఇద్దరం నడకకి వెళ్లేవాళ్లం. మూడు నెలల్లో ఆయన బరువు తగ్గారు. బీపీ చూపిస్తే మామూలుగా వచ్చింది. నా కష్టం ఫలించిందని పొంగిపోయాను. నడకతో పాటు మాత్ర కూడా పనిచేస్తోంది కాబట్టే అలా వచ్చిందని నాకు తట్టనే లేదు.

"ఇంక ఈ మాత్రలెందుకండీ, అన్నీ కెమికల్సే కదా" అన్నాను. ఆయన నేనేం చెబితే అదే వినే మనిషి. సరేనన్నారు. ఆ నెల పుస్తకంలో 'మాత్రలు' అన్న పద్దు మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత గీశాను. మిగిలిన డబ్బుతో పండ్లు కొన్నాను. ఎంత తెలివిగా సంసారం నడుపుతున్నానో అనుకున్నాను.

ఏడు నెలలు ఏమీ కాలేదు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. బీపీ పెరిగితే ఒంటికి తెలుస్తుందనుకున్నాను. చాలామందికి తెలియదు తల్లీ. ఏ నొప్పీ లేకుండా అది లోపల్లోపల రక్తనాళాలను పాడుచేస్తూ పోతుంది. మధ్యలో ఒక్కసారి చూపించినా బయటపడేది. బాగానే ఉన్నారుగా, చూపించుకోవడం దేనికి, ఆ ఖర్చు కూడా మిగిలిందనుకున్నాను.

ఒకరోజు పొద్దున ఆయన చొక్కా వేసుకుంటూ పై గుండీ దగ్గర ఆగిపోయారు. కుడిచేతి వేళ్లు గుండీని పట్టుకుంటున్నాయి, అది జారిపోతోంది, మళ్లీ పట్టుకుంటున్నాయి. టైమైపోతోందంటూ నేనే వెళ్లి పెట్టాను. ఆయన ఏదో అన్నారు. మాట ముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకి వంగినట్టుంది. నీరసమేమో అనుకుని పడుకోబెట్టాను. చెయ్యి రుద్దాను. తేనె కలిపిన నీళ్లు పట్టబోతే పొలమారింది. కాసేపు నిద్రపోతే తేరుకుంటారని పక్కన కూర్చున్నాను. ఆస్పత్రికి చేరేసరికి సాయంత్రమైంది.

బీపీ చూస్తే 210/120. డాక్టర్ నన్ను మొదట అడిగింది ఒక్కటే, "ఎన్నింటికి మొదలైంది?" అని. అది పక్షవాతమట. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట. నేను పొద్దుటి టైము చెప్పాను. డాక్టర్ ఇంకేమీ అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ వినపడుతుంది.

మాట చాలావరకు తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. ఈరోజుకీ ఆయన గుండీలు నేనే పెడతాను. పెట్టిన ప్రతిసారీ ఆ ఎర్ర గీత కనపడుతుంది. ఆయన మాత్రం ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు.

అందుకే నీ సంగతి వినగానే నా గుండె జారిపోయింది. నీ మాత్రలో ఉన్నది థైరాక్సిన్. నీ మెడలోని గ్రంథి తయారుచేయాల్సిన హార్మోనే అది. ఆ గ్రంథి చాలినంత చేయలేకపోతోంది కాబట్టి బయటి నుంచి ఇస్తున్నారు, అంతే. మానేసిన మర్నాడు నీకేమీ తెలియదు, ఎందుకంటే అది ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. వారాలు గడిచాక మెల్లగా చలి, మలబద్ధకం, ఎంత పడుకున్నా తీరని నిస్సత్తువ మొదలవుతాయి. పని ఎక్కువై అలసిపోయాననుకుంటావు. మీ పెదనాన్నది నీరసమని నేననుకోలేదూ?

నిన్ను బెదిరించాలని కాదు. ఖర్చు ఎక్కడ తగ్గించినా నాకు అభ్యంతరం లేదు, నష్టం ఆలస్యంగా బయటపడే చోట మాత్రం వద్దంటున్నాను. పాలూ గుడ్లూ కూడా మానేద్దామనుకుంటున్నావట. మొక్కల నుంచి వచ్చే తిండిలో బీ12 విటమిన్ ఉండదు. లివర్‌లో దాచుకున్నది కొన్నేళ్లు సరిపోతుంది కాబట్టి లోటు ఎప్పటికో గానీ తెలియదు, తెలిసేసరికి నరాలు దెబ్బతినొచ్చు. మానాలనుకుంటే మాను, బీ12 మాత్ర మాత్రం ఖర్చుల్లో రాసుకో. ఉప్పు కూడా అంతే. రాతి ఉప్పు, గులాబీ ఉప్పు అంటూ పోకుండా మామూలు అయోడైజ్డ్ ఉప్పే వాడు, అన్నీ కలిపి రోజుకి 5 గ్రాములు దాటకుండా.

మాత్ర ఖర్చే బరువైతే అదే మందు తక్కువ ధరలో వేరే కంపెనీది ఉందేమో డాక్టర్‌ని అడుగు. కంపెనీ మారిస్తే 6 నుంచి 8 వారాలకి, డోసు సరిపోతోందో లేదో చూపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకో. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి తిను. కాఫీ కూడా అప్పుడే. ఐరన్, కాల్షియం మాత్రలు ఉంటే 4 గంటలు ఎడం ఇవ్వు. డోసు తగ్గించే వీలుంటే ఆ పరీక్ష చూసి డాక్టరే తగ్గిస్తారు. అప్పుడు ఇంటిల్లిపాదిలో నాకన్నా సంతోషించేవాళ్లు ఉండరు.

నీ మీద నాకు కోపం లేదు బంగారం. నడక నేను మానలేదు, వేపుళ్లు మళ్లీ మొదలుపెట్టలేదు. ఇప్పుడు మీ పెదనాన్న ఎడమచేత్తో కర్ర పట్టుకుని నాతో పాటే వస్తున్నారు, మాత్ర వేసుకున్నాకే బయల్దేరతాం.

నీ మాత్రల షీట్‌లో ఎన్ని మిగిలాయో ఈరోజే చూసి నాకు చెప్పు. టీఎస్‌హెచ్ చివరిసారి ఎప్పుడు చేయించావో కూడా. ఆ పరీక్ష డబ్బులు ప్రతిసారీ నేనే పంపుతాను. మీ అమ్మకి చెప్పక్కర్లేదు.

మీ పెద్దమ్మ