పదింటి అపాయింట్‌మెంట్‌కి పన్నెండున్నరకి ఎందుకు పిలుస్తారు?

మీరడిగింది ఇది: "అమ్మకి ప్రైవేటు ఆసుపత్రిలో పదింటికి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. లోపలికి పిలిచేసరికి పన్నెండున్నర. డాక్టర్ గారు మూడు నిమిషాలు చూసి పంపేశారు. ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు. ఇది మోసం కాదా? మనం చేయగలిగింది ఏమీ లేదా?"

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫ్రంట్ ఆఫీసులో కొన్నేళ్లు పనిచేశాను. టోకెన్లిచ్చే కుర్చీలో కూర్చుని తిట్లు తిన్నదాన్ని. ఇప్పుడు మా మామగారిని ప్రభుత్వాసుపత్రికి తిప్పుతూ, అదే తిట్లు బెంచీ మీద కూర్చుని నేను తిట్టుకుంటున్నాను. మోసమని అనను గానీ, మీకిచ్చిన "పదింటికి" అన్న మాట మాత్రం నిజం కాదు. ఆ సంగతి ఇచ్చినవాళ్లకీ తెలుసు.

మా సాఫ్ట్‌వేర్‌లో పది నిమిషాల స్లాట్‌కి రెండు పేర్లు పడేవి. పేరున్న డాక్టరైతే మూడు. బుక్ చేసుకున్నవాళ్లలో కొందరు ఎలాగూ రారు, వాళ్లు రాకపోయినా డాక్టర్ ఖాళీగా కూర్చోకూడదు అన్నది మేనేజ్‌మెంట్ లెక్క. అందరూ వచ్చిన రోజున మన పని అయిపోయినట్టే. దీనికి తోడు జాబితాలో లేనివాళ్లు ఉంటారు: వారంలోపు ఫీజు లేకుండా రివ్యూకి వచ్చేవాళ్లు, రిపోర్టులు "ఒక్కసారి చూపించి వెళ్లిపోతాం" అనేవాళ్లు, స్టాఫ్ బంధువులు, పైనుంచి ఫోన్ చేయించుకున్నవాళ్లు. రివ్యూ వాళ్లను తప్పుపట్టడానికి లేదు, వాళ్లదీ న్యాయమైన హక్కే. కాకపోతే వాళ్లకంటూ స్లాట్ పెట్టరు, మీ స్లాట్‌లోనే ఇరికిస్తారు. పెళ్లి భోజనాల్లో మీరు మూడో బంతి అని చెప్పినట్టే ఈ పదింటి టైము కూడా. మొదటి బంతి ఎప్పుడు లేస్తుందో వడ్డించేవాళ్లకీ తెలియదు.

ఈ చిక్కు మన దగ్గరే పుట్టింది కాదు. 1952లోనే ఇంగ్లండ్‌లో నార్మన్ బెయిలీ అనే గణాంక నిపుణుడు ఆసుపత్రి ఓపీ క్యూల మీద లెక్కలు కట్టాడు. ఓపీ మొదలయ్యేసరికి ఇద్దరిని సిద్ధంగా ఉంచండి, ఆ తర్వాత ఒక పేషెంట్‌కి సగటున ఎంతసేపు పడుతుందో అంత ఎడంతో ఒక్కొక్కరికీ టైమివ్వండి, డాక్టర్ సమయం పెద్దగా వృథా కాదు, పేషెంట్లూ మరీ ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు అన్నాడు. అంటే లెక్క తెలియక కాదు. కానీ ఆ లెక్క పారాలంటే డాక్టర్ టైముకి రావాలి. మా దగ్గర మొదటి స్లాట్ తొమ్మిదిన్నరకి ఉండేది. ఆ టైముకి చాలామంది డాక్టర్లు పై అంతస్తులో రౌండ్స్‌లోనో, ఓటీలోనో (ఆపరేషన్ థియేటర్‌లోనో) ఉండేవాళ్లు. కొందరు ఇంకో ఆసుపత్రిలో ఓపీ చూసుకుని వచ్చేవాళ్లు. మమ్మల్ని అన్నిటికీ ఒకటే మాట చెప్పమనేవారు: "సార్ రౌండ్స్‌లో ఉన్నారు." రౌండ్స్ అంటే నిజంగా రౌండ్స్ కావచ్చు, ఆపరేషన్ సాగుతుండొచ్చు, ఇంట్లోంచి ఇంకా బయల్దేరకపోయి ఉండొచ్చు.

కాబట్టి కౌంటర్ దగ్గర "సార్ వచ్చారా?" అని అడక్కండి. ఆ ప్రశ్నకి జవాబు ముందే తయారుగా ఉంటుంది. "ఇప్పుడు ఎన్నో టోకెన్ నడుస్తోంది? గంటకి ఎంతమందిని చూస్తున్నారు?" అని అడగండి. ఈ ప్రశ్నకి స్క్రీన్ చూడకుండా జవాబు చెప్పలేరు, చూశాక అబద్ధం చెప్పబుద్ధి కాదు. సర్జన్ అయితే ఏ రోజు ఓటీ లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి, ఆ రోజు మొదటి స్లాట్ తీసుకోండి. సోమవారం, పండగ సెలవు మర్నాడు మాత్రం వెళ్లకండి. వారమంతా ఇంట్లో ఓర్చుకున్న నొప్పులన్నీ సోమవారమే కదులుతాయి.

నాకు ఇప్పటికీ మనసులో ఉండిపోయినవాడు నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. షుగర్ పేషెంట్. ఫాస్టింగ్ రక్తం ఇవ్వాలని మొదటి బస్సుకి వచ్చాడు. పొద్దున్నే రక్తం తీసుకున్నారు, ఆయన బుద్ధిగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పదకొండు దాటాక నా దగ్గరికి వచ్చి, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా చూపించి, "బిడ్డా, ఇగ తినొచ్చా?" అని అడిగాడు. చేతులు వణుకుతున్నాయి. డబ్బా పైన కట్టిన గుడ్డ ముడి కూడా విప్పలేదు. రక్తం ఇవ్వగానే తినేయాలి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకి మళ్లీ రక్తం ఇవ్వాలి అని ఆయనకి ల్యాబ్‌లో ఎవరూ చెప్పలేదు. డాక్టర్‌కి చూపించాకే తినాలేమో అనుకున్నాడు. అప్పుడు తినడం మొదలుపెడితే రెండో శాంపిల్ మధ్యాహ్నానికి గానీ కాదు, ఆ రిపోర్టు వచ్చేసరికి ఓపీ ముగుస్తుంది. ల్యాబ్ టెక్నీషియన్ ఒక్క వాక్యం చెప్పకపోవడం వల్ల ఒక ముసలాయన రోజంతా పోయింది. డాక్టర్ల కొరత వల్ల పోయే గంటలు వేరు, ఇలా పోయే గంటలు వేరు. నా అనుభవంలో ఈ రెండో రకమే ఎక్కువ. అందుకే ఏ గదిలోంచి బయటికి వచ్చినా, తలుపు దాటకముందే "ఇప్పుడు నేనెక్కడికి వెళ్లాలి, ఏం చేయాలి?" అని అడిగి మరీ రండి.

ఇక మూడు నిమిషాల సంగతి. 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో 67 దేశాల లెక్కలు వచ్చాయి. ప్రాథమిక స్థాయి వైద్యంలో డాక్టర్ ఒక్కో రోగితో గడిపే సమయం స్వీడన్‌లో సగటున 22 నిమిషాల పైమాట, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశానికి వచ్చింది రెండు నిమిషాలు. మీ అమ్మగారికి ఒక నిమిషం ఎక్కువే దొరికిందన్నమాట, సంతోషించాలో ఏడవాలో మీ ఇష్టం. ఆ రెండు మూడు నిమిషాల్లో సగం పాత ఫైలు తిరగేయడానికే పోతుంది. "తెల్ల బిళ్ల ఒకటి, గుండ్రంగా ఉంటుంది" అంటూ మొదలుపెడితే మిగతాది కూడా పోతుంది. వాడుతున్న మందుల స్ట్రిప్పులే సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నదేదో అది మొదట చెప్పండి. చాలామంది అసలు విషయం లేచి తలుపు దగ్గరికి వెళ్లాక చెబుతారు: "అన్నట్టు సార్, అప్పుడప్పుడు గుండెలో పట్టేసినట్టు ఉంటోంది." అప్పటికి తర్వాతి పేషెంట్ లోపలికి వచ్చేసి ఉంటాడు.

ప్రభుత్వాసుపత్రిలో కథ వేరు. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్ద బోధనాసుపత్రుల్లో ప్రతి విభాగం యూనిట్లుగా ఉంటుంది, ఒక్కో యూనిట్‌కి వారంలో కొన్ని రోజులే ఓపీ. మీరు మొదటిసారి వెళ్లిన రోజును బట్టి మీ యూనిట్ ఏదో తేలిపోతుంది. ఇంకో రోజు వెళ్తే వేరే యూనిట్ పీజీ (అక్కడ పై చదువు చదువుతున్న డాక్టర్) కూర్చుని, మళ్లీ మొదటి నుంచి కథ చెప్పమంటాడు, లేదా "మీ డాక్టర్ గురువారం ఉంటారు, అప్పుడు రండి" అంటాడు. మా మామగారి ఓపీ చీటీ మీద యూనిట్ నంబరు మూలన గీకినట్టు రాసి ఉంది. దాని విలువ మాకు ఎవరూ చెప్పలేదు, పక్క బెంచీలో ఉన్నావిడ చెప్పింది. చీటీ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ అతికించి ఉంటే అది వాడండి. 2022 అక్టోబర్‌లో వచ్చిన "స్కాన్ అండ్ షేర్" పద్ధతి అది. ఆభా (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా) యాప్‌తో స్కాన్ చేస్తే వివరాలు వాటంతటవే కౌంటర్‌కి వెళ్తాయి, ఫోన్లోకి టోకెన్ వస్తుంది. చీటీ లైను తప్పుతుంది గానీ డాక్టర్ గది ముందు లైను తప్పదు, అంతవరకే ఆశ పెట్టుకోండి.

ఆరోగ్యశ్రీ కేసుల్లో ఇంకో రకం ఎదురుచూపు ఉంటుంది. 2007లో పథకం మొదలైనప్పటి నుంచీ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటోంది. ఆంధ్రలో ఇప్పుడు ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆపరేషన్‌కి ముందు అనుమతి కోసం రిపోర్టులు, ఫొటోలు పంపుతారు. అక్కడ ఏదో ఒక రిపోర్టు తక్కువైందని ఫైలు వెనక్కి వస్తుంది, ఆ సంగతి పేషెంట్‌కి చెప్పేవాళ్లుండరు. మంచం మీద పడుకుని "అప్రూవల్ రాలేదంట" అనుకుంటూ రోజులు గడిపేస్తారు. పొద్దునోసారి, సాయంత్రం ఓసారి మిత్ర దగ్గరికి వెళ్లి "క్వెరీ ఏమైనా వచ్చిందా?" అని అడగండి. ఫైలు అలా వెనక్కి రావడాన్ని వాళ్లు క్వెరీ అంటారు, ఆ మాటే వాడండి, పని తొందరగా కదులుతుంది. మిత్ర దొరక్కపోతే 104కి ఫోన్ చేయొచ్చు.

మీరు అడగలేదు గానీ, అన్నిటికంటే ఒళ్లు మండేది డిశ్చార్జ్ రోజు. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ నవ్వుతూ "ఇంటికి వెళ్లిపోవచ్చు" అంటారు. మీరు బట్టలు సర్దేసుకుని కూర్చుంటారు. సాయంత్రం దాకా అలాగే కూర్చుంటారు. ఈలోపు జరిగేది ఇది: డ్యూటీ డాక్టర్ డిశ్చార్జ్ సమ్మరీ రాయాలి, ఆయనకి వార్డంతా చూసుకోవాలి కాబట్టి అది చివరి పని. పెద్ద డాక్టర్ దాన్ని దిద్దాలి. సిస్టర్ మిగిలిన మందులు ఫార్మసీకి తిప్పి పంపాలి, అవి బిల్లులోంచి తీసేయాలి. ల్యాబ్ నుంచి ఆఖరి చార్జీలు పడాలి. ఇవన్నీ అయ్యాకే ఫైనల్ బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్తుంది. 2024 మే నెలలో బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక ఉత్తర్వు ఇచ్చింది: క్యాష్‌లెస్‌కి (బిల్లు నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టే పద్ధతికి) గంటలోపు నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలి. అది దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే ఇన్సూరెన్స్ కంపెనీయే భరించాలి. అందరూ ఈ మూడు గంటల్ని డాక్టర్ "వెళ్లొచ్చు" అన్న క్షణం నుంచి లెక్కపెట్టుకుని ఇన్సూరెన్స్ డెస్క్ మీద అరుస్తారు. గడియారం తిరగడం మొదలయ్యేది ఆసుపత్రి పంపిన రిక్వెస్ట్ వాళ్లకి చేరినప్పుడు. అంతకుముందు పోయిన గంటలన్నీ ఆసుపత్రివే. అందుకని "ఫైనల్ బిల్లు ఎన్నింటికి పంపారు?" అని అడిగి, ఆ టైము రాసుకోండి. పంపలేదంటే ఆసుపత్రి మీద ఒత్తిడి తేవాలి, పంపి మూడు గంటలు దాటితే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయాలి. అక్కడా తేలకపోతే బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. ముందు రోజు సాయంత్రమే "రేపు డిశ్చార్జ్ ఉండొచ్చా? మందులు ఇవాళే తిప్పి పంపేస్తారా?" అని సిస్టర్‌ని అడిగితే చాలావరకు సమయం కలిసొస్తుంది. అలా అడిగేవాళ్లు మా దగ్గర అరుదు, వాళ్లు మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండేవాళ్లు.

క్యాజువాలిటీలో మాత్రం మీ తర్వాత వచ్చినవాళ్లని ముందు తీసుకెళ్తే గొడవ పడకండి, అక్కడ వరస ప్రాణం మీదికి వచ్చినదాన్ని బట్టి. అలాగే డిపాజిట్ కట్టలేదనో, పోలీస్ కేసనో అత్యవసర చికిత్స ఆపితే ఊరుకోకండి. ప్రాణం కాపాడటం ప్రతి డాక్టర్ బాధ్యత, పోలీసు లాంఛనాలు తర్వాత అని 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

టోకెన్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మీద అరవడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఆ అమ్మాయికి డాక్టర్ గది తలుపు తట్టే అధికారం కూడా లేదు. ప్రైవేటులో అయితే ఫ్లోర్ మేనేజర్‌ని గానీ డ్యూటీ మేనేజర్‌ని గానీ పిలిపించమనండి, ప్రభుత్వంలో అయితే ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గది ఎక్కడో కనుక్కోండి. మేనేజర్ వచ్చి నిలబడితే సార్ రౌండ్స్ ఎంతలో ముగుస్తాయో ఆశ్చర్యంగా తెలిసిపోతుంది. కేస్ షీట్ కాపీలు ఇవ్వకుండా తిప్పుతుంటే కాగితం మీద రాసి అడగండి, అలా అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నుంచే వైద్య మండలి నిబంధన ఉంది.

ఫీజు గురించి. డబ్బు కట్టి చేయించుకునే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ రెండున్నర గంటలు కూర్చోబెట్టారన్న ఒక్కదాని మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లి గెలుస్తారని నేను చెప్పను. దానికంటే తేలికైన దారి ఒకటుంది. డాక్టర్‌కి చూపించుకోకముందే విసిగి వెళ్లిపోతుంటే బిల్లింగ్ కౌంటర్‌లో "కన్సల్టేషన్ క్యాన్సిల్ చేసి రీఫండ్ ఇవ్వండి" అనండి. మా దగ్గర అడిగినవాళ్లకి ఇచ్చేవాళ్లం, చాలామంది అడక్కుండానే కోపంగా వెళ్లిపోయేవాళ్లు. కార్డు మీదో ఫోన్‌పే మీదో కట్టి ఉంటే అదే ఖాతాకి కొన్ని రోజుల్లో వస్తుంది, క్యాష్ అయితే రసీదు చూపిస్తే అక్కడికక్కడే ఇస్తారు. డబ్బు వద్దు, ఇంకో రోజు వస్తామంటే అదే రసీదు మీద కొత్త తేదీ వేయించుకోవచ్చు. ఆ తేదీ వేయించుకునేటప్పుడే ఆ రోజు డాక్టర్‌కి ఓటీ ఉందేమో చూడమనండి.